ఆరిన జ్వాలలు, దాగిన వారసుడు: ‘ఆబ్లివియన్’ సింహాసనం ఎవరిది?

క్లుప్తంగా: ‘ద ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్’ గేమ్‌లో చక్రవర్తి చనిపోగానే రాజధానిలోని పవిత్ర జ్వాలలు ఆరిపోతాయి. రాజవంశపు నెత్తురు ఉన్నవాడే వాటిని మళ్లీ వెలిగించగలడని కథ మొదట్లో చెబుతుంది. గేమ్ లోపలి పుస్తకాలు చదివితే మాత్రం నెత్తురు, చట్టం, జ్వాల అనే మూడూ మూడు దారుల్లో వెళ్లడం కనిపిస్తుంది. జ్వాలకు ఆధారం ఒక పాత ఒప్పందం. ఆ సంగతి పట్టుకుంటే ఆటగాళ్లను వేధించే ప్రశ్నలు చాలావరకు తేలిపోతాయి. రాయలసీమ చరిత్రలోని వారసత్వ తగాదాలతో పోల్చి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఈ వ్యాసంలో కథ ముగింపు కూడా ఉంది.

2006 మార్చిలో వచ్చిన ఈ గేమ్ 2025 ఏప్రిల్ 22న కొత్త హంగులతో మళ్లీ విడుదలైంది. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇవాళ ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్లు అది మొదటిసారి వచ్చినప్పుడు పుట్టీ పుట్టని పిల్లలు. వాళ్లకిది కొత్త గేమే. ఆడుతున్నప్పుడు వచ్చే సందేహాలు మాత్రం పాతవే. చక్రవర్తికి పెళ్లి లేకుండా పుట్టిన కొడుకు మార్టిన్‌ను పవిత్ర జ్వాల ఎలా ఒప్పుకుంటుంది? రాజ్యాన్ని కాపాడేది ఆటగాడే కదా, జ్వాల వెలిగించే రాజు ధరించే హారాన్ని అతను ఎందుకు వేసుకోలేడు? వారసుడు లేకపోతే ఎవరినైనా దత్తత తీసుకుంటే సరిపోదా? ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలు. విడివిడిగా జవాబు చెప్పబోతే చిక్కు పెరుగుతుంది.

ఒప్పందం ఎలా మొదలైంది

కథ జరిగే ఖండం పేరు టామ్రియల్. దాని నడిబొడ్డున ఉన్న సిరోడిల్‌ను ఒకప్పుడు ఐలీడ్‌లు అనే ఎల్ఫులు ఏలారు, మనుషుల్ని బానిసలుగా వాడుకున్నారు. తొలి యుగం 243లో అలెస్సియా అనే బానిస స్త్రీ నాయకత్వంలో తిరుగుబాటు గెలిచింది. కాలానికి అధిపతి, డ్రాగన్ రూపంలో ఉండే దేవుడు అకటోష్ ఆమెతో ఒప్పందం చేసుకున్నాడు. తన గుండె నెత్తురును ఒక ఎర్రమణిలో పెట్టి హారంగా ఇచ్చాడు. అదే అమ్యులెట్ ఆఫ్ కింగ్స్. ఈ హారాన్ని ఆమె, ఆమె తర్వాతి పాలకులు ధరిస్తూ డ్రాగన్‌ఫైర్స్ అనే జ్వాలల్ని వెలిగిస్తూ ఉన్నంతకాలం ఆబ్లివియన్ లోకపు తలుపులు మూసి ఉంచుతానని మాట ఇచ్చాడు. ఆబ్లివియన్ అంటే డీడ్రా అనే రాక్షస శక్తుల ప్రభువులు ఉండే లోకాలు. ఆ తలుపులు తెరుచుకుంటే ఊళ్లు మిగలవు.

దీన్నిబట్టి యంత్రాంగం తేలికగానే అర్థమవుతుంది. పట్టాభిషేకం రోజు కొత్త చక్రవర్తి రాజధానిలోని టెంపుల్ ఆఫ్ ద వన్‌కు హారంతో వెళ్లి జ్వాల వెలిగిస్తాడు. అతను చనిపోగానే జ్వాల ఆరిపోతుంది. తర్వాతివాడు వచ్చి వెలిగించేదాకా రెండు లోకాల మధ్య గోడ పలుచబడి ఉంటుంది. మామూలుగా ఆ వ్యవధి కొద్దిరోజులే కాబట్టి ఎవరూ భయపడరు. మూడో యుగం 433లో దాన్నే శత్రువులు అవకాశంగా మలుచుకున్నారు. చక్రవర్తి ఏడో యూరియల్ సెప్టిమ్‌నూ, గెల్డాల్, ఎన్మన్, ఎబెల్ అనే అతని ముగ్గురు కొడుకులనూ మిథిక్ డాన్ అనే రహస్య ముఠా చంపేసింది. వెలిగించడానికి ఎవరూ మిగలకుండా చేస్తే గోడ దానంతట అదే కూలుతుంది. కోటను ముట్టడించక్కర్లేదు, సైన్యమూ అక్కర్లేదు. ఒక కుటుంబాన్ని తుడిచేస్తే చాలు. ఇంత పెద్ద సామ్రాజ్యం ఇంత సన్నని తాడు మీద నిలబడి ఉండటమే ఈ కథలోని అసలు విషాదం.

అఖండ దీపమా, ఆహితాగ్నా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. పవిత్ర జ్వాల అనగానే మనకు గుర్తొచ్చేది ఎప్పుడూ ఆరకూడని దీపం. నవరాత్రుల్లో ఇంట్లో పెట్టే అఖండ దీపం మధ్యలో కొండెక్కితే పెద్దవాళ్లు కంగారు పడతారు. గుజరాత్‌లోని ఉద్వాడలో పార్సీలు కాపాడుకుంటున్న ఇరాన్‌షా అగ్ని ఈ కోవదే. అది ఉద్వాడకు చేరింది 1742లో. దాని పుట్టుక అంతకు కొన్ని శతాబ్దాల ముందుది. అర్చకులు మారతారు, తరాలు మారతాయి, మంట మాత్రం అదే.

డ్రాగన్‌ఫైర్స్ ఈ కోవలోకి రావు. వాటి ఆయుష్షు ఒక మనిషి ఆయుష్షు. ఇలాంటి అగ్నికి మన దగ్గర పాత పోలికే ఉంది. శ్రౌత సంప్రదాయంలో అగ్న్యాధానం, అంటే యజ్ఞాగ్నుల్ని తన కోసం ప్రతిష్ఠించుకోవడం, చేసినవాడిని ఆహితాగ్ని అంటారు. గార్హపత్యం, ఆహవనీయం, దక్షిణాగ్ని అతను బతికినంతకాలం అతనివే. అతను పోయాక ఆ అగ్నులతోనే దహనం చేస్తారు. ఇల్లూ పొలమూ వచ్చినట్టు ఆ అగ్నులు కొడుక్కి రావు. అతను భార్యతో కలిసి తన ఆధానం తాను చేసుకోవాలి. ప్రాచీన పర్షియాలోనూ ఇలాంటిదే ఉండేది. క్రీస్తుపూర్వం 324లో స్నేహితుడు హెఫెస్టియన్ చనిపోతే అలెగ్జాండర్ పవిత్రాగ్నుల్ని ఆర్పించాడనీ, పారశీకులు తమ రాజు మరణించినప్పుడే అలా చేసేవారనీ గ్రీకు చరిత్ర చెబుతుంది. ఆ తర్వాతి సాసానీ రాజుల నాణేల వెనుక వైపు అగ్నివేదిక బొమ్మ ఉంటుంది. కొత్త రాజుతో కొత్త అగ్ని మొదలవడం అక్కడి ఆచారం.

కాబట్టి గేమ్‌లో జ్వాల ఆరిపోవడం అపశకునమేమీ కాదు, ఒప్పందంలో ముందే రాసి ఉన్న సంగతి. తండ్రి వెలిగించిన మంట కొడుక్కి రాదు. కొడుక్కి వచ్చేది మళ్లీ వెలిగించే అర్హత. ఆ అర్హత దేని మీద ఆధారపడుతుందన్నదే తర్వాతి ప్రశ్న.

దత్తపుత్రుడికి దక్కనిది, దాచిన కొడుక్కి దక్కింది

మార్టిన్ క్వాచ్ అనే ఊళ్లో అకటోష్ గుడి పూజారి. తన తండ్రి ఒక రైతు అనుకుంటూ పెరిగాడు. యూరియల్‌కు పెళ్లి బంధం బయట పుట్టిన ఆ పసివాడిని రహస్యంగా తీసుకెళ్లి అప్పగించినవాడు బ్లేడ్స్ అనే అంగరక్షక దళం పెద్ద జాఫ్రే. ముగ్గురు రాజకుమారులూ పోయాక మిగిలింది ఇతనొక్కడే.

మన చట్టం కళ్లతో చూస్తే మార్టిన్ హక్కు బలహీనం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లిదండ్రుల మధ్య అసలు పెళ్లే లేకుండా పుట్టిన బిడ్డకు తల్లి వైపు బంధుత్వమే లెక్క. తండ్రి ఆస్తిలో వాటా రాదు. అదే ఏడాది వచ్చిన దత్తత చట్టం మాత్రం దత్తత రోజు నుంచీ ఆ బిడ్డను అన్ని విధాలా కన్నబిడ్డగానే చూస్తుంది. ధర్మశాస్త్రాల్లోనూ దత్తపుత్రుడికి పిండం పెట్టే హక్కు, ఆస్తి హక్కు రెండూ ఉన్నాయి.

టామ్రియల్‌లో ఈ లెక్క తలకిందులు. సెప్టిమ్ వంశంలో నాలుగో యూరియల్ కథ చూడండి. అతని తల్లి కటారియా డార్క్ ఎల్ఫ్ జాతి మహారాణి. మొదటి భర్త మూడో పెలాజియస్ సెప్టిమ్ వల్ల పుట్టినవాడు కాసిండర్. తర్వాతి భర్త వల్ల పుట్టినవాడు ఈ యూరియల్. అంటే ఇతనిలో సెప్టిమ్ నెత్తురు చుక్క కూడా లేదు. కాసిండర్ అతన్ని చట్టప్రకారం రాజకుటుంబంలోకి దత్తత తీసుకున్నాడు, తన తర్వాత సింహాసనం అతనికే వెళ్లింది. నలభై ఏళ్లకు పైగా ఏలినా ఎల్డర్ కౌన్సిల్ అనే మండలి, జనం అతన్ని నిజమైన సెప్టిమ్‌గా చూడనేలేదు. అతను పోగానే మండలి అతని కొడుకు అండోరాక్‌ను పక్కకు నెట్టి రెండో సెఫోరస్ అనే బంధువును కూర్చోబెట్టింది.

దత్తతను పైవాళ్లు కాదంటే ఏమవుతుందో మన దేశానికి బాగా తెలుసు. ఈస్టిండియా కంపెనీ 1848లో సతారాను అలాగే కలిపేసుకుంది. కర్నూలు జిల్లా పాలెగాళ్ల చరిత్రలో కూడా ఇలాంటి గాయమే ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మాతామహుడు నొస్సం జయరామిరెడ్డి చనిపోయాక ఆయన కుటుంబానికి అందే తవర్జీ, అంటే భరణం, కంపెనీ నరసింహారెడ్డికి దక్కనివ్వలేదు. 1846 తిరుగుబాటు కారణాల్లో అదొకటి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. వారసుడెవరో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంటే అసలు పెత్తనం వాళ్లదే. టామ్రియల్‌లో ఆ అధికారం మాట వరసకు జ్వాలది. ఆచరణలో చాలాసార్లు అది మండలిది.

ఇంతకీ నాలుగో యూరియల్ కాలంలో జ్వాలలు ఆరాయనీ, డీడ్రా సేనలు దిగాయనీ ఆ వంశ చరిత్ర చెప్పదు. నెత్తురే ఏకైక షరతయితే అతని పట్టాభిషేకం నాడే గోడ కూలాలి. అలా జరగలేదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మరో విశేషం ఉంది. మూడో సామ్రాజ్యాన్ని స్థాపించిన టైబర్ సెప్టిమ్ మనవడు పెలాజియస్ మూడేళ్లు తిరగకుండానే హత్యకు గురయ్యాడు. తర్వాత గద్దెనెక్కిన కింటైరా టైబర్ తమ్ముడు అగ్నోరిత్ కూతురు. అంటే టైబర్ సొంత సంతతి మూడో తరానికే ఆగిపోయింది. తర్వాతి సెప్టిమ్‌లు తమ్ముడి శాఖ వాళ్లు. ఇక టైబర్‌కు అలెస్సియాతో నేరుగా రక్తసంబంధమే లేదు. తొలి ఒప్పందం చేసుకున్న వంశం ఒకటి, చివరిదాకా జ్వాల వెలిగించిన వంశం ఇంకొకటి.

అకటోష్ ఏం చూస్తాడు

దీనికి గేమ్ ప్రపంచమే ఒక జవాబు ఇచ్చింది. తర్వాతి గేమ్ ‘స్కైరిమ్’లో డ్రాగన్‌బోర్న్‌ల, అంటే డ్రాగన్ నెత్తురు ఉన్నవాళ్ల, గురించిన ఒక చిన్న పుస్తకం దొరుకుతుంది. డ్రాగన్ నెత్తురు తాత తండ్రుల నుంచి దిగే గుణం కాదని, అకటోష్ అనుగ్రహమని అందులో ఉంది. హారం వేసుకోగలిగితే, జ్వాల వెలిగితే అతను డ్రాగన్‌బోర్న్ అన్నమాట. మరి డ్రాగన్‌బోర్న్ కావడం వల్ల వెలిగించగలిగాడా, లేక వెలిగించిన క్షణంలో ఆ అనుగ్రహం దిగిందా? రెండూ నిజమేనని, రెండూ కాదని చెప్పి ఆ పుస్తకం దాన్ని దైవరహస్యంగా వదిలేస్తుంది.

పుస్తకం తప్పించుకున్నట్టు అనిపించినా ఇది చాలా పదునైన జవాబు. ఇక్కడ రుజువు ముందు రాదు, పని జరిగాక వస్తుంది. వెలిగించక ముందు ఎవరికీ హామీ లేదు. ఒప్పందంలో అవతలి పక్షం దేవుడు, సంతకం ఎవరిదైతే చెల్లుతుందో నిర్ణయించేది అతనే. వంశం ఆ ఒప్పందాన్ని మోసుకొచ్చే అలవాటైన దారి మాత్రమే. మార్టిన్ పుట్టుక మీద జ్వాలకు అభ్యంతరం ఎందుకు లేదో దీనితో తేలుతుంది. పెళ్లి అనేది మనుషుల చట్టం, అకటోష్ అలెస్సియాతో చేసుకున్న ఒప్పందంలో దాని ఊసే లేదు.

ఆటగాడి మెడలో హారం ఎందుకు నిలవదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. చనిపోతూ చక్రవర్తి హారాన్ని పెట్టింది జైలు ఖైదీ అయిన ఆటగాడి చేతిలోనే. వేసుకోబోతే మాత్రం జారిపోతుంది. నమ్మకం ఉంది, బాధ్యత ఉంది, సంతకం హక్కు లేదు. కథ అంతటా అతను ఇంకొకరి కోసం మోస్తాడు. గేమింగ్‌లో ఇది అరుదైన నిర్ణయం. ఆడేవాడినే ఎంపికైన వీరుడిగా చూపే గేమ్‌లు కోకొల్లలు. ఇందులో హీరో పనంతా అసలు వారసుడిని వెతికి, ప్రాణాలతో గుడికి చేర్చడమే.

ఒక్కచోట మాత్రం లెక్క కుదరదు. మిథిక్ డాన్ నాయకుడు మాంకార్ కామొరాన్ ఆ హారాన్ని దొంగిలించడమే కాదు, తాను సృష్టించుకున్న స్వర్గంలో మెడలో వేసుకుని కూర్చుంటాడు. అతనూ డ్రాగన్‌బోర్నేనా, లేక అతని స్వర్గంలో అకటోష్ నియమాలు పనిచేయవా? గేమ్ తేల్చదు. నెత్తురొక్కటే పరీక్ష అనుకునేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. ఒప్పందం కోణం నుంచి చూస్తే ఒక సంగతి గమనించాలి: కామొరాన్ హారం వేసుకున్నాడు, జ్వాల మాత్రం వెలిగించలేదు. వెలిగించాలని అతనికి లేనే లేదు.

జ్వాల లేని చోట వారసుడిని ఎవరు తేలుస్తారు?

టామ్రియల్ యంత్రాంగం విలువ తెలియాలంటే అది లేని చోటు చూడాలి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం నుంచి తిరుమలరాయలు పెనుకొండకు చేరాడు. అక్కడి నుంచి అరవీటి వంశం పాలన సాగింది. ఆ వంశంలో గట్టివాడైన వేంకటపతిరాయలు 1614లో మరణిస్తూ అన్న కొడుకు శ్రీరంగరాయలికి రాజ్యం అప్పగించాడు. రాణి ఒకామెకు ఒక కొడుకున్నాడు. అయితే ఆ బిడ్డ రాయల బిడ్డ కాదని, రాణి ఎక్కణ్నుంచో తెచ్చుకుని తన బిడ్డగా చూపిందని నాడు గట్టిగా వినిపించిన మాట. 1616 డిసెంబర్‌లో ఒక జెస్యూట్ పాదిరి రాసిన ఉత్తరంలో ఈ గొడవంతా ఉంది. రాణి అన్న జగ్గరాయడు ఆ పిల్లవాడి పక్షం పట్టి శ్రీరంగరాయలినీ, అతని కుటుంబాన్నీ బంధించి చంపించాడు. ఒక్క కొడుకు రామదేవుడు మాత్రం బతికాడు. వెలుగోటి యాచమనాయుడు ఒక చాకలి సాయంతో ఆ బాలుడిని బయటికి తప్పించాడు. చివరికి తిరుచిరాపల్లి దగ్గర తోపూరులో జరిగిన పెద్ద యుద్ధంలో జగ్గరాయడు హతమయ్యాక రామదేవరాయలికి రాజ్యం దక్కింది.

మార్టిన్ కథతో పోలిక దాచినా దాగదు. కుటుంబమంతా హతం, ఒక్క పిల్లవాడు మిగలడం, సామాన్యుడి సాయంతో తప్పించడం, నమ్మకస్తుడైన యోధుడు కాపలా ఉండటం అన్నీ ఉన్నాయి. తేడా ఏమిటంటే ఇక్కడ ఎవరు నిజమైన వారసుడో చెప్పే జ్వాల లేదు. రాణి కొడుకు రాయల బిడ్డా కాదా అన్నది పుకారు మీద, నమ్మకం మీద, చివరికి కత్తి మీద తేలింది. దక్షిణ దేశమంతా రెండుగా చీలింది. జ్వాల ఒకటుంటే తోపూరులో అన్ని తలలు తెగేవి కావని అనిపించడం సహజం.

టామ్రియల్ చరిత్ర ఆ ఆశను నిలవనివ్వదు. మూడో యుగం 120ల్లో అక్కడ కూడా వారసత్వ యుద్ధం జరిగింది, దాని పేరే ఎర్ర వజ్రం యుద్ధం. పొటెమా అనే రాణి తన కొడుకు మూడో యూరియల్ కోసం మేనకోడలు రెండో కింటైరాను బంధించి చంపించింది. ఇరుపక్షాలదీ సెప్టిమ్ నెత్తురే. బయటివాడిని ఆపగలిగే జ్వాల దాయాదుల మధ్య తీర్పు చెప్పలేకపోయింది. రాచకుటుంబాల్లో పోట్లాటలు ఎక్కువగా దాయాదుల మధ్యనే కాబట్టి ఈ లోపం చిన్నదేమీ కాదు.

రాజప్రతినిధుల సంగతి కూడా చూడాలి. 1540ల్లో సదాశివరాయలు పేరుకు చక్రవర్తి, పాలించింది అళియ రామరాయలు. రామరాయలు ఎంత బలవంతుడైనా సంగమ, తుళువ రాజుల గద్దె మీద ఒక రాయలు ఉండాల్సిన అవసరం అతనికి ఉండేది. టామ్రియల్‌లోనూ చక్రవర్తి లేని రోజుల్లో ఛాన్సలర్ ఒకాటో వ్యవహారాలు చూశాడు. జ్వాల వెలిగించడం మాత్రం అతని చేతుల్లో లేదు. విజయనగరంలో రాజప్రతినిధికి చక్రవర్తి పేరు చాలు. టామ్రియల్‌లో ఆ పేరు పనికిరాదు, అసలు మనిషే కావాలి.

హారం పగిలాక

చివరికి హారం మార్టిన్‌కు చేరింది, మండలి అతని హక్కును ఒప్పుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. గుడికి వెళ్లేలోపు డీడ్రా ప్రభువు మెహ్రూన్స్ డేగన్ స్వయంగా రాజధానిలోకి దిగాడు. గోడ కూలాక జ్వాల వెలిగించి లాభం లేదు. మార్టిన్ హారాన్ని పగలగొట్టి, అందులోని దైవరక్తంతో తానే అకటోష్ రూపమెత్తాడు. డేగన్‌ను తరిమి, రాజధాని నడుమ రాతి డ్రాగన్‌గా మిగిలిపోయాడు. తలుపులు శాశ్వతంగా మూసుకున్నాయి. సెప్టిమ్ వంశమూ, మూడో యుగమూ ఆ రోజుతో ముగిశాయి.

దీన్ని త్యాగం అని పొగడడంతో ఆపేస్తే అసలు మార్పు కనిపించదు. అప్పటిదాకా తరం తర్వాత తరం కొత్తగా సంతకం చేయాల్సిన ఒప్పందాన్ని మార్టిన్ ఒకే ఒక్క చెల్లింపుతో తీర్చేశాడు. ఇక ఎవరి పుట్టుక మీదా లోకం ప్రాణం ఆధారపడదు. దానికి బదులుగా సామ్రాజ్యం తన ఏకైక రుజువును పోగొట్టుకుంది. ‘ఈయనే ఎందుకు చక్రవర్తి?’ అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఇక జ్వాల లేదు.

ఫలితాలు త్వరగానే వచ్చాయి. నాలుగో యుగం 10లో ఒకాటో హత్య జరిగింది. ఏడేళ్లు సింహాసనం కోసం కొట్లాటలు నడిచాయి. చివరికి 17లో టైటస్ మీడ్ అనే సేనాని రాజధానిని పట్టుకుని కూర్చున్నాడు. అతనికి సెప్టిమ్ నెత్తురు లేదు, అవసరమూ లేదు. బ్లాక్ మార్ష్ విడిపోయింది, ఎల్ఫుల రాజ్యాలు వేరుపడ్డాయి. ఆబ్లివియన్ విపత్తును ఆపింది తామేనని థాల్మోర్ అనే ఎల్ఫ్ వర్గం చెప్పుకుంటే సమ్మర్‌సెట్ ద్వీపాల్లో జనం నమ్మారు. మార్టిన్ త్యాగానికి సాక్ష్యంగా నిలవాల్సిన వంశమే లేకపోయింది మరి.

నాలుగో యుగం 201లో జరిగే ‘స్కైరిమ్’ వచ్చేసరికి డ్రాగన్ నెత్తురు, సింహాసనం పూర్తిగా విడిపోయాయి. అందులో ఆటగాడే డ్రాగన్‌బోర్న్. అతనికి వేసుకోవడానికి హారం లేదు, వెలిగించడానికి జ్వాల లేదు, గద్దె అతనిదని అనేవాడూ లేడు. ఆ గేమ్‌లో డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతక ముఠా దారి పట్టిన ఆటగాడు చక్రవర్తి రెండో టైటస్ మీడ్‌ను స్వయంగా చంపగలడు కూడా. రెండు వందల ఏళ్ల కిందట అలాంటి ఒక్క హత్యే ఊళ్లను మంటల పాలు చేసింది. ఈసారి ఒక్క తలుపూ తెరుచుకోదు.